జేబులో చాకుతో తనిఖీకి దొరికితే: కొలత, పంచనామా, మీ హక్కులు

అనంతపురం జిల్లాలో చీనీ (బత్తాయి) తోటకు పోయే మనిషి జేబులో అంట్లు కట్టే చాకో, ఎరువు మూటల దారం కోసే చాకో ఉండటం మామూలే. అది నేరం కాదు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 2 ప్రకారం కేవలం ఇంటి పనికీ సేద్యానికీ చేసిన వస్తువు ఆయుధమే కాదు. 2016 ఆయుధాల నిబంధనల్లో, మొదటి షెడ్యూలు ఐదో కేటగిరీలో చేరేది అలుగు (పిడి కాక మిగిలిన ఇనుప భాగం) 9 అంగుళాల కంటే పొడవో, 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న కత్తి. అక్కడ కూడా ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పరిశ్రమ పనులకు చేసినవాటికి మినహాయింపు ఉంది.

కాబట్టి ముందు ఇంట్లోనే కొలుచుకోండి. చాకును కాగితం మీద పెట్టి, మొన దగ్గర ఒక గీత, అలుగు పిడిలోకి దిగే చోట ఇంకో గీత గీయండి. ఆ రెంటి మధ్య దూరమే లెక్క. తొమ్మిది అంగుళాలంటే దాదాపు 23 సెంటీమీటర్లు. దెబ్బతినే ప్రమాదం ఉన్నది ఇక్కడే. 6 అంగుళాల అలుగుకు 5 అంగుళాల పిడి ఉందనుకోండి. పంచనామాలో '11 అంగుళాల కత్తి' అని పడితే పని చాకు కాస్తా కాగితం మీద మారణాయుధమైపోతుంది. సంతకం చేసే ముందు చదవండి. అలుగు, పిడి కొలతలు విడివిడిగా రాయమని మర్యాదగా, గట్టిగా అడగండి. స్వాధీనం చేసుకునేటప్పుడు వీడియో తీయాలని బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సోదా, అరెస్టు పద్ధతులు చెప్పే చట్టం) సెక్షన్ 105 చెబుతోంది, అదీ అడగండి.

బండి ఆపినప్పుడు జేబులో చెయ్యి పెట్టకండి. ముందే చెప్పండి: "సార్, జేబులో చాకు ఉంది. తోటలో అంట్లు కట్టేకి పోతాండా." చాకును అంటు పట్టీతో, మిగతా సామానుతో కలిపి సంచిలో పెట్టుకుంటే ఆ మాటకు బలం. పెద్ద కొడవలైతే గోనెపట్టాలో చుట్టి తీసుకుపోండి. ఫ్యాక్షన్ గొడవలు చూసిన మన సీమలో దాన్ని బండికి తగిలించుకుని పోతే ఎవరికైనా అనుమానం వస్తుంది.

కొలత చిన్నదే అయినా కాపాడని సందర్భాలున్నాయి. చాకు చూపి బెదిరిస్తే బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత, నేరాలకు శిక్షలు చెప్పే చట్టం) సెక్షన్ 351, గాయం చేస్తే 118. ఐదుగురు లేదా అంతకు మించిన అక్రమ గుంపులో మారణాయుధంతో ఉంటే 189(4), రెండేళ్ల దాకా జైలు. ఎన్నికలప్పుడో ఊళ్లో గొడవలప్పుడో బీఎన్‌ఎస్‌ఎస్ 163 కింద నిషేధ ఉత్తర్వు వస్తే దాన్ని పూర్తిగా చదవండి. కత్తులు వద్దని అందులో ఉంటే ఆ రోజులు చాకు ఇంట్లోనే. ఓర్వకల్లు, కడప విమానాశ్రయాలకు పోతే చేతి సంచిలో పెట్టుకోవద్దు.

అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలపాలి, సాక్షి సంతకంతో అరెస్టు మెమో రాయాలి. ప్రయాణ సమయం కాక 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తీసుకుపోవాలి. ఆడవాళ్లను సోదా చేయాల్సింది ఆడవాళ్లే. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలును ఇస్తారు. ఇంట్లోవాళ్లను ఉచిత న్యాయ సహాయ నంబరు 15100కు ఫోన్ చేయమనండి, లేదా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పొమ్మనండి. కేసు ఆయుధాల చట్టం 25(1బి)(బి) కింద ఉంటే, సెక్షన్ 4 నోటిఫికేషన్ (ఒక ప్రాంతంలో ఫలానా రకం ఆయుధానికి లైసెన్సు ఉండాలనే ప్రభుత్వ ప్రకటన) మీ ప్రాంతానికి, ఆ రకం కత్తికి వర్తిస్తుందో లేదో, దాని ప్రతి చార్జిషీటులో ఉందో లేదో చూడమని వకీలుకు మొదటి రోజే చెప్పండి.