డాబా మీద సోలార్: ఏ తేడా వస్తే ఎక్కడ చూడాలి?

కరెంటు బిల్లు తగ్గించుకుని మెల్లగా సొంత కరెంటు మీదే బతుకుదామని ప్యానెళ్లు పెట్టించుకుంటున్న ఇళ్లు హైదరాబాద్‌లో ఇప్పుడు ప్రతి కాలనీలో కనిపిస్తున్నాయి. ఏదైనా తేడా రాగానే అందరూ ముందు ప్యానెళ్లనే అనుమానిస్తారు. కానీ చాలాసార్లు అసలు కారణం నీడ, బ్యాటరీ, లేదా మనం వేసే లోడ్.

బయట ఎండ మండుతోంది, అయినా కరెంటు పోగానే సోలార్ కూడా ఆగిపోతోంది

ఏదీ పాడవలేదు. మీ ఇంట్లో ఉన్నది ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్, అంటే వీధి లైన్‌తో (గ్రిడ్‌తో) కలిసి నడిచేది, లైన్‌లో కరెంటు లేనప్పుడు అది ఆగి తీరాలి. ఆగకపోతే మీ డాబా మీది కరెంటు వీధి లైన్‌లోకి వెళ్లి, స్తంభం ఎక్కి రిపేర్ చేస్తున్న లైన్‌మన్ ప్రాణం మీదికి వస్తుంది. కోతల్లో కూడా నడవాలంటే గ్రిడ్‌తోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ కావాలి. ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, వైఫైకి వేరే లైన్ లాగించి దానికి మాత్రమే బ్యాకప్ ఇప్పించండి. అలాగని కరెంటు కనెక్షన్ పీకించేయకండి: జులై, ఆగస్టుల్లో నాలుగు రోజులు ముసురు పట్టిందంటే దాన్ని తట్టుకునేంత బ్యాటరీ కొనడం మామూలు ఇంటికి తలకు మించిన ఖర్చు. పైగా 2024లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పీఎం సూర్యఘర్ సబ్సిడీ (3 కిలోవాట్లు, ఆపైన రూ. 78,000) గ్రిడ్‌కి కలిపిన సిస్టమ్‌కే వస్తుంది.

వేసవిలో బాగానే వచ్చిన యూనిట్లు చలికాలంలో సగానికి పడిపోయాయి

ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు 1 కిలోవాట్ ప్యానెళ్లకి సుమారు 4 యూనిట్లు రావాలి. చలికాలంలో పగలు చిన్నదే, కానీ అంత మాత్రాన సగానికి పడిపోదు. నీడ చూడండి. మన ఊళ్లో మే రెండో వారంలోనూ, ఆగస్టు మొదట్లోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు, అప్పుడు నిలువు వస్తువుకి నీడే పడదు. డిసెంబర్‌లో అయితే మిట్టమధ్యాహ్నం కూడా బాగా దక్షిణానికి వాలి ఉంటాడు, కాబట్టి మేలో వచ్చి స్థలం చూసి వెళ్లినవాళ్లకి వాటర్ ట్యాంకు నీడ ఎంత దూరం పాకుతుందో తెలియనే తెలియదు. డిసెంబర్‌లో ఒక రోజు ఉదయం 9కి, మధ్యాహ్నం 12కి, 3కి డాబా ఎక్కి, ట్యాంకు నీడ, పిట్టగోడ నీడ, పక్కింటివాళ్లు కొత్తగా లేపిన అంతస్తు నీడ ఎక్కడిదాకా వచ్చాయో సుద్దముక్కతో గీత గీయండి. వరుసగా కలిపిన ప్యానెళ్లలో ఒక్కదాని మీద నీడ పడినా ఆ వరుస మొత్తం దెబ్బతినొచ్చు. ట్యాంకుని ప్యానెళ్లకి ఉత్తరం వైపు జరపడం, లేదా ప్యానెళ్ల స్టాండ్ ఎత్తు పెంచడం మంచిది. రెండూ కుదరకపోతే ప్యానెల్‌కొక ఆప్టిమైజర్ (ఒకదాని మీది నీడ మిగతావాటిని దెబ్బతీయకుండా చూసే చిన్న పరికరం) పెట్టించాలి.

వారం వారం కడుగుతున్నా యూనిట్లు పెరగట్లేదు

బోరు నీళ్లతో కడుగుతున్నారేమో చూడండి. ఆరిన తర్వాత అద్దం మీద తెల్లటి ఉప్పు పొర మిగులుతుంది. ఆర్వో నుంచి బయటికి పోయే నీళ్లు అసలు వాడొద్దు, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ. నల్లా నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. ఎండ ఎక్కకముందే కడిగేయండి. ప్యానెల్ కింది అంచులో, ఫ్రేము దగ్గర గీతలా పేరుకునే మన్నుని తప్పకుండా తుడవండి, అది చివరి వరుస సెల్స్‌ని కప్పేస్తుంది.

రాత్రి రెండింటికే ఇన్వర్టర్ బీప్ కొడుతోంది

లెక్క చూడండి. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు), 12 వోల్టుల ట్యూబులర్ బ్యాటరీలో ఉండేది 150 × 12 = 1800 వాట్ అవర్లు, అంటే 1.8 యూనిట్లు. అది ఎక్కువ కాలం మన్నాలంటే సగమే వాడాలి, అంటే 0.9 యూనిట్. 75 వాట్ల పాత ఫ్యాన్లు మూడు తిరిగితే గంటకి 0.225 యూనిట్, పదింటికి వేస్తే రెండింటికి ఆ సగం అయిపోతుంది. ఇంకో బ్యాటరీ కొనే ముందు తక్కువ కరెంటు తాగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లకి మారండి, అదే బ్యాటరీ తెల్లవార్లూ వస్తుంది. నా మాటగా చెప్తున్నా, ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ముందు డబ్బు పెట్టాల్సింది ఫ్యాన్ల మీదే. మారినా ఇంకా బీప్ వస్తుంటే డిస్టిల్డ్ వాటర్ మట్టం చూడండి. బ్యాటరీని మెట్ల మీద రేకుల గదిలో పెట్టి ఉంటే కిందికి దించండి, వేడి దాని ఆయుష్షుని తినేస్తుంది.

బోరు మోటారు వేయగానే అంతా ట్రిప్ అవుతోంది

1 హెచ్‌పీ అంటే 746 వాట్లే కదా అనిపిస్తుంది, కానీ స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. మోటారుని మెల్లగా స్టార్ట్ చేసే సాఫ్ట్ స్టార్టర్ పెట్టించండి, లేదా మోటారుని, గీజర్‌ని బ్యాకప్ లైన్ నుంచి తీసేసి గ్రిడ్ మీదే ఉంచండి.

వాన పడితే చాలు, ఇన్వర్టర్ ఐసోలేషన్ ఫాల్ట్ చూపిస్తోంది

అంటే వైర్ల నుంచి కరెంటు బయటికి లీకవుతోందని హెచ్చరిక. ప్యానెళ్ల కింద కనెక్టర్లు స్లాబు మీదే పడి నీళ్లలో నానుతుంటాయి, లేదా ఎలుకలు వైరు కొరికి ఉంటాయి. వాటిని ఫ్రేముకి ఎత్తి కట్టించాలి, పాడైనవి మార్పించాలి. ఈ పని మాత్రం మీరు చేయకండి. బ్రేకర్ ఆపినా ఎండ ఉన్నంతసేపు ఆ వైర్లలో వందల వోల్టులు ఉంటాయి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌నే పిలవండి.