కాంపిటీషన్ లా ప్రాక్టీసు: చదువు ఆగకుండా చూసుకోవడం ఎలా

ఏటా ఇన్ని గంటలు చదివి తీరాలన్న నిర్బంధం మన దేశంలో అడ్వకేట్లకు లేదు. కాంపిటీషన్ లాలో, అంటే మార్కెట్లో పోటీని కాపాడే చట్టంలో, ఈ వెసులుబాటు ప్రమాదకరం. ఆ చట్టానికి 2023లో వచ్చిన సవరణ తర్వాత కూడా పాత నోట్సుతో సలహా ఇస్తే నష్టపోయేది క్లయింటే.

జరిమానా సంగతే చూడండి. తప్పు జరిగిన సరుకు టర్నోవరు మీదే లెక్క కట్టాలని 2017లో ఎక్సెల్ క్రాప్ కేర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 మార్చి మార్గదర్శకాల్లో లెక్క మొదలయ్యేది ఇప్పటికీ ఆ టర్నోవరుతోనే, దాని సగటులో 30 శాతం దాకా. గరిష్ఠ పరిమితికి మాత్రం ప్రపంచవ్యాప్త టర్నోవరు చూస్తారు. విలీనాల్లోనూ అంతే: 2024 సెప్టెంబర్ 10 నుంచి డీల్ విలువ 2,000 కోట్ల రూపాయలు దాటి, ఏ కంపెనీని కొంటున్నారో దానికి ఇక్కడ గణనీయమైన వ్యాపారం ఉంటే కాంపిటీషన్ కమిషన్‌కు (సీసీఐ) తెలపాలి. కమిషన్ తేల్చాల్సిన గడువు 210 రోజుల నుంచి 150కి తగ్గింది. కాబట్టి ముందు సవరించిన చట్టం, ఆ తర్వాతే పుస్తకం.

అన్నిటికన్నా మంచి బడి సీసీఐ వెబ్‌సైటు, పైగా ఉచితం. తొలి చూపులోనే కేసు లేదని సెక్షన్ 26(2) కింద మూసేసిన ఆర్డర్లు చిన్నవి, వాటితో మొదలుపెట్టండి. వారానికి ఒకటి చాలు. ఆరోపణల దగ్గర ఆగి, సెక్షన్ 19(6), 19(7)లోని అంశాలు ముందు పెట్టుకుని రెలవెంట్ మార్కెట్ (పోటీని ఏ సరుకులో, ఏ ప్రాంతంలో చూడాలన్నది) ఏదో మీరే రాయండి. ఆ తర్వాతే కమిషన్ ఏమందో చదవండి. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే మీకు చదువు కావాలి.

అప్పీల్లో ఏమైందో చూడకుండా ఏ ఆర్డరునూ ఉదహరించకండి. సిమెంట్ కార్టెల్ (కంపెనీల కుమ్మక్కు) కేసులో సీసీఐ 2012 ఆర్డరును, వాదనలు వినని సభ్యుడు సంతకం చేశారన్న కారణంతో అప్పటి అప్పీలు ట్రిబ్యునల్ 2015లో కొట్టేసింది. 2016లో మళ్లీ ఇచ్చిన ఆర్డరును 2018లో, ఇప్పుడు ఈ అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ ఎన్‌క్లాట్ సమర్థించింది.

ఎకనామిక్స్ దగ్గరే చాలామంది తడబడతారు. ఇంటర్నేషనల్ కాంపిటీషన్ నెట్‌వర్క్ శిక్షణ వీడియోలు, ఓఈసీడీ పత్రాలు ఉచితం. సీసీఐ నిర్వహించే ఎకనామిక్స్ జాతీయ సదస్సు వదులుకోవద్దు. డబ్బు పెట్టి కోర్సులో చేరడం వీటి తర్వాతే.

న్యూయార్క్ బార్‌లో ఉన్న తెలుగువాళ్ల లెక్క వేరు. అక్కడ చదువు తప్పనిసరి: మొదటి రెండేళ్లు ఏటా 16 క్రెడిట్లు, ఆపైన రెండేళ్లకు 24. క్రెడిట్ అంటే 50 నిమిషాలు. ఆ 24నీ యాంటీట్రస్ట్ (కాంపిటీషన్ లాకు అక్కడి పేరు) క్లాసులతోనే నింపితే కుదరదు. ఎథిక్స్‌కు 4, వివక్ష నివారణకు 1, సైబర్ భద్రతకు 1 విడిగా ఉండాలి.