భూకంపానికి చంద్రుడు కారణమా? పంచాంగంతో సరిచూసుకునే పద్ధతి

పౌర్ణమికో అమావాస్యకో భూమి కంపిస్తే, అది చంద్రుడి పనేనన్న మాట వెంటనే బయలుదేరుతుంది. అందులో నిజమెంతో కడపలోనో అనంతపురంలోనో ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు. అందుకు పంచాంగమూ, జాతీయ భూకంప కేంద్రం ప్రకటించే వివరాలూ, ప్రపంచ భూకంపాల జాబితా ఒకటీ చాలు.

ముందుగా, మీకు తెలిసిన అదురు భూకంపమేనా అన్నది చూడాలి. ఎర్రగుంట్ల, తాడిపత్రి పక్క సున్నపురాయి క్వారీల్లో మందు పేల్చినా అల్మారాలో గిన్నెలు గలగలలాడతాయి. కేంద్రం జాబితాలో నమోదైతేనే దాని సమయం, తీవ్రత, లోతు రాసుకోండి. పంచాంగంలో చూడవలసింది సూర్యోదయానికి ఉన్న తిథి కాదు, భూమి కంపించిన క్షణానికి నడుస్తున్న తిథి. లాతూరు భూకంపం 1993 సెప్టెంబరు 30న తెల్లవారుజామున 3.56కు వచ్చింది, చంద్రుడు పూర్తిగా నిండడానికి అప్పటికి ఇంకా దాదాపు 20 గంటలుంది.

చాలామంది పొరపడేది ఇక్కడే: పౌర్ణమికో అమావాస్యకో ‘దగ్గర’ అంటే ఎన్ని రోజులో జాబితా తెరవకముందే నిర్ణయించుకోవాలి. అటు రెండు, ఇటు రెండు రోజులు కలుపుకుంటే రెండు తిథులకూ కలిపి 10 రోజులవుతాయి, చాంద్రమాసం 29.5 రోజులే కనుక, చంద్రుడికి ఏ సంబంధమూ లేకపోయినా సగటున ప్రతి మూడు భూకంపాల్లో ఒకటి ఆ పరిధిలోనే పడుతుంది. 2004 డిసెంబరు 26 నాటి సుమత్రా భూకంపం పౌర్ణమినాడు వచ్చిందని గుర్తుంచుకునేవారికి, 2015 ఏప్రిల్ 25న నేపాల్ కంపించినది అష్టమి దరిదాపుల్లోనన్న సంగతి గుర్తుండదు.

చంద్రుడి ఆకర్షణ ఉత్తదేమీ కాదు. సముద్రంతోపాటు నేల కూడా రోజుకు రెండుసార్లు పొంగి తగ్గుతుంది. ఆ తేడా కొన్నిచోట్ల 30 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అయితే దానివల్ల రాతిపై పడే ఒత్తిడి కొద్ది కిలోపాస్కల్‌లు మాత్రమే. భూకంపంలో విడుదలయ్యే ఒత్తిడి సాధారణంగా వేల కిలోపాస్కల్‌లు. కదలడానికి సిద్ధంగా ఉన్న పగులును చంద్రుడి వల్ల పడే ఒత్తిడి కాస్త ముందుగా కదిలించగలదు, కొత్తగా పుట్టించలేదు. సముద్రపు అంచున, తక్కువ లోతులో, భూమి పైపొరలోని ఒక పలక మరొకదాని కిందికి చొచ్చుకుపోయేచోట ఈ ప్రభావం బాగా కనిపించింది. లోతు రాసుకోమన్నది అందుకే.

కడప, అనంతపురం ప్రాంతంలో భూకంపాలు అరుదు కనుక ఇక్కడి ప్రకంపనలతో లెక్క తేలదు. ప్రపంచ జాబితా నుంచి కొన్నేళ్లలో 6 తీవ్రతకు మించినవన్నీ, ఏదీ వదలకుండా తీసుకోండి. ఆ జాబితాల్లో గ్రీనిచ్ సమయం ఉంటే ఐదున్నర గంటలు కలపండి. పెద్ద భూకంపం వెంట వచ్చే అనంతర ప్రకంపనలను తొలగించండి, లేకుంటే ఒకే ఘటన పదిసార్లు లెక్కకెక్కుతుంది. మిగిలినవాటిలో ఆ 10 రోజుల్లో పడినవి మూడోవంతుకు అటూఇటూగా ఉంటే, అది యాదృచ్ఛికమేనని భావించవచ్చు.