లేత్ మీద తిన్నగానే ఉన్న రిమ్ కారు మీద ఎందుకు ఊగుతుంది: పాత అంబాసిడర్‌కి వెల్డింగ్ వీల్స్, సమస్యలు - పరిష్కారాలు

పాత అంబాసిడర్‌కి కాస్త వెడల్పు రిమ్ములు వేయించాలని ముచ్చటపడి, డిస్కు (చక్రం మధ్యలో నట్లు పట్టే రేకు భాగం, బ్రేకు డిస్కు కాదు) కోయించి, కొత్త రిమ్‌లో వెల్డింగ్ చేయించుకున్న వాళ్ల కార్లు నా దగ్గరకి చాలానే వచ్చాయి. అందరిదీ దాదాపు ఒకటే గోడు. విశాఖ నుంచి ఆనందపురం దాటి హైవే ఎక్కి అరవై దాటేసరికి స్టీరింగ్ వణుకుతోందంటారు. అప్పటికే రెండుసార్లు బ్యాలెన్సింగ్ అయి ఉంటుంది, అలైన్‌మెంటూ అయి ఉంటుంది. డబ్బు పోయింది, వణుకు మాత్రం అలాగే ఉంది.

సమస్య: అరవై దాటగానే స్టీరింగ్ వణుకు

బ్యాలెన్సింగ్‌కి వెళ్లే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. పది నిమిషాల పని, ఎవరూ చేయరు. జాకీ ఎత్తి, చక్రం తిప్పుతూ డయల్ గేజ్‌తో (ములుకు కదలికను ముల్లు మీద చూపే కొలత పరికరం) రిమ్ ఎక్కువగా బయటికి వచ్చే చోట సుద్దతో గీత పెట్టండి. ఆ గీతకి నేరుగా, దగ్గరగా ఉన్న స్టడ్ (నట్ ఎక్కే బోల్టు) మీదా ఒక చుక్క పెట్టండి. ఇప్పుడు చక్రం విప్పి, దాన్ని రెండు స్టడ్‌ల మేర పక్కకి తిప్పి మళ్లీ బిగించి చూడండి. ఎత్తు చక్రంతో పాటే జరిగితే తప్పు చక్రంలో ఉంది. చుక్క పెట్టిన స్టడ్ దగ్గరే ఉండిపోతే హబ్‌లోనో (చక్రం బిగించే ఇరుసు భాగం) బ్రేకు డ్రమ్‌లోనో ఉంది. ఈ ఒక్కటి చూసుకుంటే సగం ఖర్చు మిగులుతుంది.

హబ్ వైపు అని తేలితే ముందుగా డ్రమ్ ముఖం చూడండి. మన ఊళ్లో సముద్రపు గాలికి కారు ఆరు నెలలు కదలకుండా ఉంటే చాలు, అక్కడ తుప్పు పొక్కులు కడుతుంది. వైర్ బ్రష్ పెట్టి మెరిసేదాకా రుద్దండి. డ్రమ్‌ని పట్టి ఉంచే స్క్రూ తల పైకి లేచి ఉందేమో వేలితో తడిమి చూడండి. ఆ తర్వాతే బేరింగ్ ఆట, అంటే వదులు సంగతి.

గేజ్ ములుకు పెట్టే చోటు గురించి ఒక మాట. చాలామంది రిమ్ బయటి అంచు మీద పెడతారు. ఆ అంచు రోడ్డు గుంటలకి వంగి ఉండొచ్చు, దాన్ని బట్టి ఏమీ చెప్పలేం. టైరు విప్పి, టైరు కూర్చునే బీడ్ సీట్ మీదే కొలవాలి. పక్కకీ పైకీ అర మి.మీ. లోపు వస్తే మంచి పని. ఒక మి.మీ. దాటితే నేను ఒప్పుకోను.

సమస్య: లేత్ మీద అవుట్ (తిరిగేటప్పుడు ఊగు) లేదు, కారుకి బిగిస్తే ఉంది

నన్ను మూడు వారాలు తిప్పలు పెట్టింది ఇదే. ఒక కారు ముందు చక్రం లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద నడిమి రంధ్రంతో పట్టించి చూస్తే 0.3 మి.మీ. మాత్రమే ఉంది. కారుకి బిగిస్తే 1.4. చక్రం బాగుందన్న నమ్మకంతో డ్రమ్ మార్చాను, టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్ కీళ్లు) మార్చాను, టైర్లు అటూ ఇటూ మార్చాను. ఏదీ పనిచేయలేదు.

తప్పు డిస్కు ముఖంలో, అంటే డ్రమ్‌కి ఆనుకునే భాగంలో ఉంది. వెల్డింగ్ వేడికి లోహం చల్లారుతూ కుంచించుకుపోతుంది, ఆ లాగుడుకి డిస్కు మధ్యభాగం వంపు తిరుగుతుంది. లేత్ మీద నడిమి రంధ్రంతో పట్టుకున్నప్పుడు ఆ వంపు దేనికీ ఆనదు, అందుకే అంతా తిన్నగా కనిపిస్తుంది. నట్లు బిగించినప్పుడు ముఖం డ్రమ్‌కి అతుక్కోవాలి కాబట్టి డిస్కు మెలితిరిగి, రిమ్‌ని కూడా తనతో పాటు పక్కకి లాగుతుంది.

ముఖంలో చిన్న తేడా రిమ్ దగ్గర ఎంత పెద్దదవుతుందో లెక్క వేయండి. స్టడ్‌ల వలయం 115 మి.మీ. వ్యాసం అనుకుందాం. 15 అంగుళాల రిమ్ అంటే 381 మి.మీ., మూడు రెట్ల పైనే. అంటే స్టడ్‌ల దగ్గర 0.3 మి.మీ. ఒరిగితే బీడ్ సీట్ దగ్గర ఒక మి.మీ. అవుతుంది.

దీన్ని పట్టుకోవడానికి రెండు దారులు. డిస్కు ముఖం రిమ్ లోపలికి దిగి ఉంటుంది కాబట్టి చక్రాన్ని సర్ఫేస్ ప్లేట్ (కొలతలకి వాడే చదునైన బల్ల) మీద బోర్లించినా అది ఆనదు. అందుకే లేత్ మీద ఫేసింగ్ చేయించిన, అంటే ముఖం చదునుగా చెక్కించిన 180 మి.మీ. గుండ్రటి ప్లేటు ఒకటి దగ్గర పెట్టుకుంటాను. చక్రాన్ని వెనక్కి తిప్పి పడుకోబెట్టి, ప్లేటును డిస్కు ముఖం మీద ఉంచి, అంచుల మీద బొటనవేళ్లతో ఒకసారి ఇటూ ఒకసారి అటూ నొక్కుతాను. ముఖం సరిగ్గా ఉంటే చప్పుడు ఉండదు. ఆ కారు చక్రం మీద నొక్కినప్పుడు టక్, టక్ అంది. ఆ చప్పుడు విన్న క్షణంలో మూడు వారాల టెన్షన్ దిగిపోయింది. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెడితే ఒక స్టడ్ రంధ్రం దగ్గర 0.4 మి.మీ. రేకు దూరింది, ఎదురువైపు ఏదీ దూరలేదు.

రెండో దారికి ప్లేటు అక్కర్లేదు. నట్లన్నీ ఎదురెదురుగా సగం బిగించి గేజ్ చూడండి. తర్వాత పూర్తిగా బిగించి మళ్లీ చూడండి. కొలతో, ఎత్తు ఉన్న చోటో మారిందంటే ముఖమే కారణం. ఏమీ మారకపోతే డిస్కు రిమ్‌లో వంకరగా అతికిందని అర్థం.

ఒక జాగ్రత్త. ఫ్యాక్టరీలో నొక్కి తీసిన డిస్కులకి స్టడ్‌ల చుట్టూ చోటు అన్ని వైపులా సమానంగా కొంచెం ఎత్తుగా ఉంటుంది. అది స్ప్రింగులా నట్‌ని బిగువుగా పట్టి ఉంచడానికి కావాలనే పెట్టింది. దాన్ని చదును చేయించకండి. మనం వెతకాల్సింది ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ ఉండటం.

పరిష్కారం కూడా సులువుది కాదు. నట్లు ఇంకా బిగిస్తే సర్దుకుంటుందనుకోవద్దు, స్టడ్ సాగుతుంది. లేత్ మీద ముఖం గీకిస్తే రేకు పల్చబడుతుంది, సరిగ్గా బలం పడే చోటే. వెల్డింగ్ కోసి మళ్లీ చేయించడమే దారి. 20 మి.మీ. మందం ప్లేటుకి ఫేసింగ్ చేయించి, అదే స్టడ్ కొలతకి రంధ్రాలు వేయించండి. డిస్కుని దానికి బిగించి, రిమ్ కూర్చోబెట్టి, నాలుగు చోట్ల టాక్ (తాత్కాలికంగా పట్టి ఉంచే చిన్న వెల్డింగ్ చుక్క) వేసి, గేజ్ చూసి, అవసరమైతే సుత్తితో సర్దండి. సరిపోయాకే సీఓటూ వెల్డింగ్‌తో (తీగ, గ్యాస్‌తో చేసేది) 40 మి.మీ. చొప్పున ఒక ముక్క ఇక్కడ, దాని ఎదురుగా ఇంకోటి వేయించండి. మధ్యలో చేయి పెట్టగలిగేంత చల్లారనివ్వాలి, నీళ్లు పోయకూడదు. పూర్తిగా చల్లబడేదాకా ప్లేటు మీద నుంచి విప్పకూడదు.

గాజువాక ఆటోనగర్‌లో చేయి తిరిగిన వెల్డర్లకి కొదవలేదు. మందపాటి ప్లేట్లకి గీత తెగకుండా వేసే చేయి అది. చక్రానికి ఆ అందమైన పొడుగు గీతే చేటు. ఆ కారు చక్రం ఒకే చుట్టులో వేయమని చెప్పింది నేనే. ఇప్పుడు పక్కన నిలబడి, ప్రతి ముక్కకీ ఆపమని చెబుతాను.

సమస్య: నట్లు వదులవుతున్నాయి

రంగు. పౌడర్ కోటింగ్ గానీ మందంగా వేసిన పెయింట్ గానీ నట్ కూర్చునే చోట ఉంటే, కొన్నాళ్లకి నలిగి పల్చబడుతుంది, నట్ పట్టు తప్పుతుంది. నట్ సీట్లూ, డిస్కు ముఖమూ రంగు వేసే ముందే టేపు వేసి కప్పండి. బిగించాక యాభై కిలోమీటర్లు తిరిగి మళ్లీ ఒకసారి బిగించాలి. అయినా వదులవుతుంటే నట్ కోణం సీటు కోణంతో కలుస్తోందో లేదో ప్రష్యన్ బ్లూ (ఎక్కడ ఆనుతోందో మరక పడి చూపే నీలి రంగు) పూసి చూడండి.

మిగిలినవి

గాలి దిగుతుంటే రిమ్ పట్టీ చివరలు అతికిన చోటు చూడండి. బీడ్ సీట్ మీద హంప్ (టైరు అంచు జారకుండా ఆపే చిన్న గట్టు) లేని పాత రిమ్ముకి ట్యూబ్‌లెస్ ఆలోచన వద్దు, ట్యూబ్ వేయండి. స్టీరింగ్ బరువెక్కి, బేరింగ్ త్వరగా అరుగుతుంటే ఆఫ్‌సెట్, అంటే డిస్కు ముఖానికి రిమ్ మధ్యగీతకి ఉన్న దూరం, మరీ బయటికి పోయిందని అర్థం. పొద్దున్నే ఊగి, కొంత దూరం వెళ్లాక తగ్గిపోతే అది నైలాన్ టైరు ఒకేచోట నిలబడి చదునైన లక్షణం, రిమ్‌ని కోయకండి.

స్టడ్ రంధ్రం చుట్టూ సన్నని గీత కనిపిస్తే మాత్రం ఆగండి. ఎర్ర డై పూసి, తుడిచి, తెల్ల డెవలపర్ కొట్టండి. తెలుపు మీద ఎర్రగీత తేలితే ఆ డిస్కు తుక్కులోకే. దాని మీద వెల్డింగ్ చేయమని ఎవరూ అడగొద్దు, ఎవరు అడిగినా నేను చేయను.