పాత రోడ్ సైకిల్ ఏ ఏటిదో తెలుసుకోవడానికి
పాత రోడ్ సైకిల్ వయసు తేల్చేటప్పుడు రంగునూ స్టిక్కర్లనూ నమ్మకండి, అవి మధ్యలో ఎవరైనా మార్చి ఉండవచ్చు. ముందుగా సైకిల్‌ను తలకిందులు చేసి, పెడల్ ఇరుసు తిరిగే గొట్టం అడుగున పేరుకున్న మడ్డిని కిరోసిన్ గుడ్డతో మెల్లగా తుడిచి, అక్కడ లోహంలో గుద్దిన ఫ్రేము నంబరును ఫొటో తీసుకోండి. ఆ గొట్టం వెడల్పు 70 మిల్లీమీటర్లుంటే అది చాలావరకు ఇటలీ కొలత. తర్వాత వెనుక డిరైలర్‌ను, అంటే గేర్లు మార్చేందుకు గొలుసును పక్కకు జరిపే భాగాన్ని చూడండి: అది ఇటలీ కంపెనీ కాంపాన్యోలో 1970లలో చేసిన న్యువో రికార్డ్ మోడల్ అయితే ‘పేటెంట్’ అన్న మాట పక్కన 72 వంటి అంకెలు కనిపిస్తాయి, అవి 1972ను సూచిస్తాయి. జపాన్ కంపెనీ షిమానో భాగాల మీది రెండక్షరాల గుర్తులో మొదటిది సంవత్సరం, రెండవది నెల. 1976కు ‘ఎ’ కాబట్టి, ‘డి ఎఫ్’ అంటే 1979 జూన్. అయితే విడిభాగాలు తరచూ మారతాయి కనుక, డిరైలర్, హబ్బులు (చక్రాల మధ్య భాగాలు), క్రాంకు (పెడల్ బిగించే చేయి) తేదీలు దగ్గరదగ్గరగా కలిసినప్పుడే ఫ్రేము వయసును ఖాయం చేసుకోండి.