కుంగిన సోఫా కుషన్‌కి ఒక చుట్టు దూది

మా సోఫాలో అందరూ ఎగబడి కూర్చునే ఆ మూల కుషన్ అణిగిపోయి, కవరు ముడతలు పడి వదులుగా వేలాడేది. ఫోమ్ మార్చకుండానే సరిచేశాను.

జిప్ తీసి ఫోమ్ బయటికి లాగండి. అంగుళం మందం పాలిస్టర్ దూది షీటు (దిండ్లలో ఉండే తెల్ల దూదే, షీటులా వస్తుంది) ముందు అంచు మీదుగా పైకీ కిందకీ ఒక్క చుట్టు చుట్టండి. వెనకవైపు చివర్లు కలిసేచోట సూదీ దారంతో పెద్ద పెద్ద కుట్లు చాలు. ఆశకొద్దీ నేను మొదట రెండు చుట్లు చుట్టాను, జిప్ పడితే ఒట్టు.

అసలు తిప్పలు కవరు ఎక్కించడంలోనే. ఫోమ్‌ని పల్చటి పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతిని వాక్యూమ్ క్లీనర్ గొట్టం చుట్టూ గట్టిగా పట్టుకుని గాలి లాగేయండి. బాగా అణుగుతుంది. వెంటనే కవర్లోకి తోసి, మూలలు సర్ది, సంచి చింపి బయటికి లాగేయండి. ఫోమ్ మెల్లగా ఉబ్బి మూలలు నిండుతాయి.

బొటనవేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయినా, ఫోమ్ పొడిగా రాలుతున్నా ఈ దూది పనిచేయదు. అప్పుడు ఫోమ్ మార్చాల్సిందే.