తాటాకు కట్ట నుంచి తెర మీదికి – 4వ పాఠం: మసి పూసే ముందు

పోయిన పాఠంలో కట్ట విప్పి, ఆకులు లెక్కపెట్టి, పురుగు తిన్న చిల్లులూ విరిగిన అంచులూ రిజిస్టరులో రాసుకోవడం దగ్గర ఆగాం. సాధన కోసం మీరు ఉడికించి, నీడన ఆరబెట్టి, గంటంతో నాలుగు పద్యాలు గీసిన కొత్త తాటాకులు ఈపాటికి సిద్ధంగా ఉండాలి. లేకపోతే ఈ పాఠం చదివి పక్కన పెట్టండి. పాత గ్రంథం మీద చేయి సాధన చేస్తామంటే నేను ఒప్పుకోను.

గంటంతో రాసిన ఆకు మీద మొదట ఉండేది సిరా కాదు, గాటు. ఆ గాట్లలో దీపపు మసో బొగ్గుపొడో నూనెతో కలిపి రుద్దితే అక్షరం నల్లగా తేలుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ మసి రాలిపోతుంది. అప్పుడు ఆకు బోసిగా కనిపిస్తుంది, కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ల చూపు వెంటనే మసి గిన్నె మీదికి పోతుంది. నేను నేర్చుకునే రోజుల్లో అలాగే తొందరపడ్డాను. పై పొర లేచిపోయి పీచు తేలిన ఆకు మీద మసి రుద్దాను. అక్షరాలతో పాటు పీచులోకీ మసి దిగి ఆకంతా బూడిదరంగు మరకగా మారింది. ఆ మరక ఈనాటికీ పోలేదు.

అందుకే ముందు వెలుగుతో ప్రయత్నించండి. గదిలో దీపాలు ఆర్పి, చిన్న ఎల్ఈడీ దీపాన్ని బల్లకు దాదాపు ఆనేంత కిందుగా పెట్టి, ఆకు మీద వెలుగు ఏటవాలుగా పడేలా చూడండి. గాటుకు ఒక అంచు మెరిసి, లోపల నీడ నిలుస్తుంది. మసి లేకుండానే అక్షరం చదవగలుగుతారు. దీపం ఎక్కడ పెట్టాలన్నదే ఇందులో కీలకం. తాటాకు పీచు నిడివి వెంబడి సాగుతుంది కదా, పొడవు అంచు వైపు నుంచి వెలుగు వేస్తే ప్రతి పీచుకూ నీడ పడి, అక్షరం ఆ గీతల గుంపులో తప్పిపోతుంది. పొట్టి అంచు వైపు నుంచి వేస్తే పీచు అణగుతుంది కానీ, అక్షరాల్లోని అడ్డగీతలు కూడా మాయమవుతాయి, పైగా దూరపు కొస చీకటిగా ఉంటుంది. మూల నుంచి వేస్తే చాలావరకు సరిపోతుంది. అదీ చాలకపోతే ఎదురు మూల నుంచి మరో ఫొటో తీసి రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

అయినా అక్షరం దొరకనప్పుడే మసి. ఆకు ఉపరితలం గట్టిగా ఉండాలి, రంగుల బొమ్మలు గానీ కలంతో సిరా పెట్టి రాసిన వరుసలు గానీ ఉండకూడదు. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, అక్షరాలు లేని మూలన దూది కొసతో కొద్దిగా తుడిచి ఏమవుతుందో చూసుకోండి. తరువాత మసిని ఆకు నిడివి వెంబడే, ఒకే దిశలో పూసి, పొడి నూలుగుడ్డతో అదే దిశలో తీసేయండి. అడ్డంగా తుడిస్తే పీచు లేస్తుంది. చాలాచోట్ల పెళుసెక్కిన ఆకులకు నిమ్మగడ్డి నూనె రాస్తారు. రెండు చుక్కలు చాలు, ఎక్కువైతే ఆకు జిడ్డెక్కి దుమ్మును పిలుస్తుంది. ఒకదానికొకటి అతుక్కుపోయిన ఆకుల్ని కత్తితో విడదీసే సాహసం మాత్రం వద్దు. అలాంటి కట్టను అలాగే చుట్టి, శిక్షణ పొందిన సంరక్షకుల దగ్గరికి చేర్చండి. సెల్లోటేపు, ప్లాస్టిక్ లామినేషన్ మాట ఎత్తవద్దు.

ఇక కెమెరా. ఆకు సన్నగా, పొడుగ్గా ఉండటమే ఇక్కడి చిక్కు. 40 సెంటీమీటర్ల ఆకు అంటే దాదాపు 15.75 అంగుళాలు. 24 మెగాపిక్సెల్ కెమెరాలో పొడవు వైపు సాధారణంగా 6,000 పిక్సెళ్లు ఉంటాయి. ఆకు చట్రమంతా నిండినా అంగుళానికి 380 పిక్సెళ్ల దగ్గర పడుతుంది. చదవడానికి చాలు. 600 కావాలంటే ఆకును రెండు ముక్కలుగా, మధ్యలో కొంత భాగం రెండింటిలోనూ వచ్చేలా తీయాలి. ఆకు కింద మెరుపు లేని బూడిదరంగు కాగితం, పక్కన కొలబద్ద, ఫొటోలో రంగులు సరిచూసుకునేందుకు రంగుల కార్డు ఉండాలి. మూల ప్రతిని టిఫ్ అనే, నాణ్యత తగ్గని ఫైలు రూపంలో దాచి, చదువరుల కోసం జేపెగ్ తీయండి. 24 మెగాపిక్సెళ్ల టిఫ్ కుదించకుండా ఉంచితే 72 మెగాబైట్లు. 200 ఆకుల కట్టకు రెండు వైపులా కలిపి 400 ఫొటోలు, అంటే దాదాపు 29 గిగాబైట్లు. హార్డ్ డిస్కు ఒకటి కొంటే సరిపోదు, రెండు కొని రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచండి.

పేర్ల విషయంలో చాలామంది బోల్తా పడతారు. ఆకు ఎడమ అంచున లేఖకుడు వేసిన అంకెనే ఫొటోకు పేరుగా పెడతారు. ఒకే కట్టలో మూడు గ్రంథాలు ఉండవచ్చు, ప్రతి గ్రంథానికీ అంకెలు మళ్లీ ౧ నుంచి మొదలు కావచ్చు, నడుమ ఆకులు పోయి ఉండవచ్చు. కాబట్టి కట్ట సంఖ్య, మీరు తీసిన వరుస, వైపు, ఈ మూడే పేరులో ఉండాలి: 0147-023-1 ముందు వైపు, 0147-023-2 వెనుక వైపు. లేఖకుడి అంకె రిజిస్టరులో వేరే గడిలోకి వెళుతుంది. ఖాళీ ఆకుల్నీ, పైనా కిందా ఉండే చెక్కల్నీ కూడా తీయండి. చెక్క లోపలి వైపు ఎవరో ఏదో రాసి పెట్టి ఉండవచ్చు.

చేతిరాత ప్రతుల కోసం 2003లో మొదలైన జాతీయ మిషన్ 75 ఏళ్లు దాటినవాటినే లెక్కలోకి తీసుకునేది. మీ మేనమామ ఇంటి అటక మీద ఉన్న కట్టకు ఆ వయసు ఉంటే దాన్ని చూడటానికి వెళ్లండి, కానీ ఇంకా మసి పట్టుకెళ్లకండి.

ఈ వారం పని: మీ సాధన ఆకుల్లో మూడింటికి మసి పూయకుండా మూల వెలుగుతో ఫొటోలు తీయండి. వాటిని గీసిన మనిషికి కాకుండా, ఆ పద్యాలు తెలియని మరొకరికి చూపించి చదివించండి. వారు ఎక్కడ ఆగారో ఆ అక్షరాల్ని రాసుకోండి. ఆ తరువాతే ఒక ఆకుకు మసి పూసి, అవే అక్షరాల్ని మళ్లీ చదివించండి.